రమాకాంత్ సారు ఊదా తీగ

రమాకాంత్ సారు ఒకసారి నారాయణగూడలో బస్సెక్కి చిక్కడపల్లిలో దిగలేకపోయాడు. బస్సులో రద్దీ లేదు, తలుపూ మూసుకుపోలేదు. "ఆపండి" అన్నాడు గానీ ఆ మాట ఆయనకు తప్ప ఎవరికీ వినబడలేదు. రెండోసారి అనడం బాగుండదని ఊరుకున్నాడు. బస్సు సికింద్రాబాద్ చేరింది. అక్కడ ఇంకో బస్సెక్కి వెనక్కి వచ్చి, చిక్కడపల్లిలో ఎవరో దిగుతుంటే వాళ్ళ వెనకే దిగి ఇల్లు చేరాడు. సంచిలో తోటకూర వడిలిపోయి ఉంది. "ఏంది సారూ, కూర గిట్లయింది?" అని నేను అడిగితేనే ఈ సంగతి బయటపడింది. అడగకపోతే ఆయన కడుపులోనే ఉండిపోయేది. అలాంటి సంగతులు ఆయన కడుపులో ఎన్ని ఉన్నాయో అన్న దిగులుతోనే నేను రోజుకొకటి అడుగుతుంటాను.

ఆయన మా ఇంటి మేడ మీద కిరాయికి ఉంటాడు. ఒక గది, ఒక వంట మూల, గల్లీ వైపు చిన్న బాల్కనీ. వనపర్తి అవతల పల్లె నుంచి సర్కారు కొలువు పరీక్షలు రాద్దామని పట్నం వచ్చాడు. చదువుకోవడానికి ఒక ప్రైవేటు లైబ్రరీలో చేరితే, అక్కడి అటెండరు చెల్లెలి పెళ్ళికని ఊరికి పోయి ఇక రాలేదట. "వాడొచ్చే దాకా జర చూసుకో బాబూ" అన్నాడట యజమాని. వాడు రాలేదు, సారు రిటైరయ్యాడు. ఆ కొలువులో ఆయన పని పుస్తకాలు అందించడం, ఎవరైనా మాట్లాడితే ఎదురుగా పోయి పెదవుల మీద వేలు పెట్టుకుని నిలబడటం. ఇన్నేళ్ళు అలా నిలబడి నిలబడి ఆయన గొంతు కూడా ఆ వేలి మాటే వినడం మొదలుపెట్టింది.

"పెండ్లెందుకు చేసుకోలేదు సారూ?" అని కూడా అడిగాను.

"ఒక సంబంధం వాళ్ళు అడిగారమ్మా. నేను జవాబు చెప్పేసరికి ఆ పిల్లకు కొడుకు పుట్టాడు" అన్నాడు. వేళాకోళం ఆడే మనిషి కాదు. నిజమే అయ్యుంటుంది.

ఇక తీగ సంగతి. నారాయణగూడ మార్కెట్ దగ్గర మొక్కల బండివాడు విరిగిన కొమ్మలు రోడ్డు మీద పారేస్తున్నాడు. వాటిలో జానెడైనా లేని ఊదారంగు కొమ్మ ఒకటి సారు కంటబడింది. ఇంకొకరైతే వంగి తీసుకుని పోతారు. ఈయన బండి దగ్గర గిరాకీ అంతా తేలే దాకా నిలబడి, "దీన్ని నేను తీసుకోవచ్చా?" అని అడిగాడట.

"చెత్త సార్ అది."

"అయినా మీదే కదా."

బండివాడు దాని పేరేదో ఇంగ్లీషులో చెప్పాడు గానీ మా గల్లీలో ఎవరి నాలుకకూ ఎక్కలేదు. ఆకు పైన వెండి చారలు, తిప్పితే వంకాయ రంగు. అందుకని ఊదా తీగ అన్నాం. సారు దాన్ని గాజుగ్లాసులో నీళ్ళు పోసి పెట్టాడు. కణుపు దగ్గర తెల్లటి వేళ్ళు దిగాక ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపిన కుండీలోకి మార్చాడు. పొద్దుటి ఎండ దానికి కావాలి, మిట్టమధ్యాహ్నపు ఎండ పడదు. అందుకని నా పాత చీర ఒకటి అడిగి తెరలా కట్టాడు. పొద్దున లేచి ముందు మట్టిలో వేలు పెట్టి చూస్తాడు. పొడిగా తగిలితేనే నీళ్ళు.

"రోజూ పోస్తే ఏమైతది సారూ?"

"అది అడిగినప్పుడే పోయాలమ్మా. ఊరికే పోస్తే మొదలు కుళ్ళుతది."

తీగ పొడవు సాగి మొదట్లో బోడిగా అయినప్పుడల్లా కొసలు గిల్లి అదే కుండీలో గుచ్చేవాడు. గిల్లిన చోట రెండేసి చిగుళ్ళు వచ్చేవి. చూస్తుండగానే బాల్కనీ కటకటాలు కనబడకుండా పోయాయి. తీగ జడలు జడలుగా దిగి మా గేటు మీదికి వేలాడింది. వచ్చేపోయేవాళ్ళ తల నిమిరేది. ఆయన ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు, తీగ మాత్రం గల్లీలో అందరినీ పలకరించేది.

అంతా బాగానే ఉంది, నగేష్‌కు కొలువు వచ్చే దాకా.

మా చుట్టూ ఉన్నవన్నీ హాస్టళ్ళు, స్టడీ హాళ్ళు. చిక్కడపల్లి నుంచి అశోక్ నగర్ దాకా ఏ మేడ చూసినా పరీక్షలకు చదివే పిల్లలే. నగేష్ మా ఎదురు హాస్టల్లో ఉండేవాడు. ఎన్నిసార్లు రాశాడో గానీ, చాయ్ బండి దగ్గరికి పోతే బండివాడు "మళ్ళా?" అని మాత్రం అడిగేవాడు. ఆ నగేష్ ఒకనాడు మా గేటు ముందు ఎగిరి, తీగ కొస తెంపుకుని పోయి, పిడి విరిగిన మగ్గులో పెట్టుకున్నాడు. ఆ ఏడే కొలువు కొట్టాడు. మిఠాయి పట్టుకుని వచ్చి గేటు ముందు అందరికీ విప్పి చెప్పాడు.

"దొంగతనం చేసి తెచ్చిన మనీ ప్లాంటే ఇంట్ల నిలుస్తదని మా అమ్మ అంటది అవ్వా."

"మరి మనీ ప్లాంటే దెంపుకపోకపోయినవ్ రా?"

"అందరి కిటికీల్ల అదే ఉంది. కాంపిటీషన్ ఎక్కువైంది. అందుకే వేరే తీగ చూసుకున్న. తెంపంగనే అరచేయి ఒకటే దురద! అప్పుడే అనుకున్న, ఇగ జీతం వస్తదని."

దాని రసం కొందరి ఒంటికి పడదని, దురద అందుకేనని సారు పైనుంచి చెప్పాడు. ఎవరికీ వినబడలేదు.

ఆ వారం నుంచి మా గేటు ముందు జాతర. ఒకడు ఎగిరి తెంపితే ఇంకొకడు వాడి భుజాలెక్కి తెంపేవాడు. సారు చూసి జాలిపడ్డాడు. కొసలన్నీ తనే పద్ధతిగా గిల్లి, కాగితపు చాయ్ కప్పుల్లో మట్టి నింపి నాటి, మా ప్రహరీ గోడ మీద వరసగా పెట్టాడు. ఎవరూ ముట్టలేదు. నర్మద అని, పక్క గల్లీ లేడీస్ హాస్టల్లో ఉండే మక్తల్ పిల్ల, ఆ కప్పుల వైపు చూసి నిట్టూరుస్తోంది.

"తీస్కో బిడ్డా, సారు ఊకెనే ఇస్తుండు" అన్నాను.

"వద్దవ్వా. ఇస్తే తీసుకుంటే దానమైతది. దొంగతనం గాదు."

"అయితే కప్పు పట్టుకొని ఉరుకు."

"ఇస్తనని పెట్టినంక ఉరికినా దానమే."

ఇంకో పిల్లగాడు మెట్లెక్కి పోయి సారునే అడిగాడు. "సార్, మీరు జర లోపలికి పోతరా? దొంగతనం చేసుకుంటం."

"అట్లనే బాబూ" అని సారు లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. పని అయ్యాక వాళ్ళే తలుపు కొట్టి "అయిపోయింది సార్" అని చెప్పి పోయేవారు. ఆయన బయటికొచ్చి మట్టిలో వేలు పెట్టి చూసుకునేవాడు.

తర్వాత ఏదో పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఊదా తీగ పెట్టుకున్న వాళ్ళలో ఒక్కరూ పాస్ కాలేదు. ఇంకెక్కడైనా అయితే తీగ మీద నమ్మకం పోయేది. ఇది అశోక్ నగర్ పక్క గల్లీ. ఇక్కడి పిల్లలు జవాబు తప్పయితే ప్రశ్ననే తిరగేసి చదువుతారు. చాయ్ బండి దగ్గర సభ పెట్టారు. రాజీవ్ అని, చట్టాలన్నీ బట్టీపట్టిన పిల్లవాడు, బిస్కెట్ ముంచడం ఆపి తీర్పు చెప్పాడు.

"యజమాని సమ్మతి లేకుంట తీసుకుంటేనే దొంగతనం. సారు తలుపేసుకున్నడంటే సమ్మతి ఇచ్చినట్టే. మనం చేసింది చట్టం ముందట నిలవది."

"నగేషన్న తెంపినప్పుడు సారు అసలు చూడనే లేదు గద?" అంది నర్మద.

"చూస్తే బాధపడుతుండె. ఇప్పుడు చూసినా బాధపడుతలేడు. లోపం ఆడ ఉంది."

చివరికి తేల్చిందేమిటంటే, సారు చూడాలి, పట్టుకోవాలి, మనసారా తిట్టాలి. తిట్టు పడితేనే దొంగతనం చెల్లుతుంది. అందరూ కలిసి మెట్లెక్కారు. నేనూ వెనకే ఎక్కాను, మోకాళ్ళ నొప్పి ఉన్నా సరే.

"తిట్టాలా? ఎవరిని?" అన్నాడు సారు.

"మమ్ములనే సార్."

"మీరేం చేశారు?"

"దొంగతనం సార్."

"పాపం, చదువు కోసమే కదా" అన్నాడు. పిల్లలు తల పట్టుకున్నారు.

నేర్పించే బాధ్యత నా మీద పెట్టారు. పొద్దున కూరగాయలు తరుగుతూ ఆయన్ని మెట్ల మీద కూర్చోబెట్టి మొదలుపెట్టాను.

"'నీ చెయ్యిరగ' అను సారూ."

"మీ చెయ్యి..." అని ఆగి, కాసేపు ఆలోచించి, "విరుగుతుందేమో, జాగ్రత్తండి" అన్నాడు.

"అండి తియ్యి! 'దొంగ సచ్చినోడా' అను."

"పరీక్ష ముందర సచ్చినోడా అంటే అపశకునం కదమ్మా?"

ఎంత నూరినా ఈ కత్తికి పదును రాదని నాకు అర్థమైంది. పిల్లలకు మాత్రం కాలేదు. వాళ్ళు రోజూ రావడం, ఆయన కళ్ళ ముందే తెంపడం, ఆయన "మెల్లగా దిగండి" అనడం, వాళ్ళు నిరాశగా కొసలు అక్కడే పారేసి పోవడం. పారేసిన ప్రతి కొసనూ ఆయన ఏరుకుని మళ్ళీ కుండీలో గుచ్చడం.

నా కొడుకు జగదీశ్వర్‌కు హిమాయత్‌నగర్‌లో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. పొద్దున బండి బయటికి తీద్దామంటే గేటు ముందు ఎగరడం ప్రాక్టీస్ చేసే పిల్లలు. ఒకడు జారి నేను ఆరబెట్టిన వడియాల మీద పడ్డాడు. ఇంకొకడు నల్లా పైపు పట్టుకుని ఎక్కబోయి పైపుతో సహా దిగాడు. ఆ రోజు నా కొడుకు తడిసిన అంగీతోనే మేడెక్కాడు.

"సార్, ఇది ఇల్లా, సర్కసా? ఈ నెలాఖరుకు ఖాళీ చేస్తే మంచిగుంటది."

"అట్లనే" అన్నాడు సారు.

నేను కొడుకుతో పెట్టుకున్నాను. "ఇన్నేండ్ల సంది ఉన్న మనిషిని పొమ్మంటవా రా?"

"నువ్వు ఊకో అమ్మా. పోయేటాయనకే బాధ లేదు, అట్లనే అన్నడు. నడుమల నీకేంది?"

నోరున్న నాకు బాధ, బాధ ఉన్న ఆయనకు నోరు లేదు.

గది వెతకడానికి నేనూ వెంట పోయాను. అశోక్ నగర్ తిరిగాం, హైదర్‌గూడ తిరిగాం. ఒక్కో గదికీ నడుమ చెక్క అడ్డం పెట్టి మూడు చేశారు. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ ముక్కుకు తగులుతుంది. సారు నల్లా చూడడు, బాత్రూం చూడడు. పోగానే కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి ఎండ కోసం వెతికేవాడు. ఒక ఇంటాయన "ఎంతమంది ఉంటరు?" అని అడిగాడు.

"నేనూ, ఒక తీగా."

"తీగ అంటే?"

"చిన్నదే. పెద్దగా చప్పుడు చేయదు."

ఆ ఇంటాయన మమ్మల్ని పైనుంచి కింది దాకా చూసి తలుపు వేశాడు.

తిరిగి వస్తుంటే సారు తనంతట తనే నోరు విప్పాడు. "వెలుతురు లేని గదిలో పెడితే చారలు పోతాయమ్మా. ఉత్త పచ్చాకు అయిపోతది. బతికే ఉంటది గానీ, అది ఇది కాదు."

"పోనని మా జగ్గుకు చెప్పు సారూ. ఒక్క మాట."

"ఎట్లా చెప్తానమ్మా? ఇల్లు మీది."

నెలాఖరు దగ్గరపడింది. ఆ ఆదివారం పొద్దున జగదీశ్వర్ 'టు లెట్' బోర్డు చంకలో పెట్టుకుని, గల్లీ వైపు నిచ్చెన వేసి ఎక్కాడు. బోర్డు కట్టడానికి కటకటాలు కావాలి, కటకటాలకు తీగ అడ్డం. ఆ తీగ జడలన్నీ గుప్పిట్లో బిగించి పట్టి, బోర్డుతో పాటే ఇనుప వైరు చుట్టి, పట్టకారుతో మెలి తిప్పడం మొదలుపెట్టాడు. నేను కింద నిలబడి అరుస్తున్నాను. నా అరుపు వాడికి చిన్నప్పటి నుంచీ అలవాటే, చెవిన పెట్టలేదు.

సరిగ్గా అప్పుడే నర్మద వచ్చింది. తర్వాతి వారమే ఆమెకు పరీక్ష. ఈసారి కూడా కొలువు రాకపోతే మక్తల్ వచ్చి కిరాణా దుకాణంలో కూర్చోమని వాళ్ళన్నయ్య ఫోన్‌లో చెప్పేశాడు. పుట్టి బుద్ధెరిగాక ఒకరి పెన్సిల్ కూడా తీసుకోని పిల్ల. దేవుడికి మొక్కి, కళ్ళు మూసుకుని, ఒక్క కొస కోసం ఎగిరింది. కళ్ళు మూసుకుంది కదా, చేతికి కొస అందలేదు, జడే అందింది. ఆ తీగకు బలమెంత? పైన వైరు, కింద పిల్ల. పటపటమని తెగి సగం తీగ నర్మద మీద పడింది.

సారు గదిలో పప్పు పోపు వేస్తున్నట్టుంది, గరిటె చేతిలో పట్టుకునే బయటికి వచ్చాడు. వైరు కింద నలిగిన తీగ చూశాడు. నర్మద ఒంటి మీద తెగిన తీగ చూశాడు.

"ఏయ్!"

అది ఎవరి గొంతో ఎవరికీ తెలియలేదు. నేను వెనక్కి తిరిగి చూశాను, పోలీసులేమో అని.

"ఏం జేస్తున్నవ్‌రా! ఎవడు గట్టమన్నడు నిన్ను? తియ్ ఆ వైరు! మెడకు ఉరేస్తున్నవ్, కండ్లు కనవడుతలేవా? నువ్వేందే! కొస గిల్లుతరు గానీ కొప్పు పీకుతరా ఎవరన్న? సిగ్గు లేదా ఇద్దరికీ!"

వనపర్తి అవతలి పల్లె మాట, ఇన్నేళ్ళు లైబ్రరీలో దాచిన మాట, ఒక్కసారిగా గల్లీ మీద పడింది. నా కొడుకు చేతిలోంచి పట్టకారు జారి కింద పడింది. చాయ్ బండి దగ్గర తాగుతున్నవాళ్ళు గ్లాసులు పట్టుకుని అలాగే ఉండిపోయారు. గల్లీ మొత్తం ఆయన లైబ్రరీ అయిపోయింది.

ముందుగా తేరుకున్నది రాజీవ్. మెల్లగా నా పక్కకు వచ్చి గుసగుసగా అడిగాడు. "అవ్వా, సారు తిట్టింది జగదీశ్వరన్ననా, నర్మదనా? అన్ననైతే ఇది చెల్లది."

"నన్నే!" అంది నర్మద. ఒళ్ళంతా తీగ, కళ్ళనిండా నీళ్ళు, మొహమంతా సంతోషం. "'నువ్వేందే' అన్నడు! సిగ్గు లేదా అన్నడు! అందరు ఇన్నరు!"

తేల్చకపోతే నాకూ తోచదు. తలెత్తి అడిగాను. "సారూ, ఎవరిని తిట్టినవ్?"

"ఇద్దర్నీ" అన్నాడు. గొంతు అప్పటికే పాత గొంతు అయిపోయింది. "జగదీశ్వర్ గారూ..." అని, ఆగి, "జగదీశ్వర్. నేను ఖాళీ చెయ్యను" అన్నాడు.

చిన్న గొంతే. కానీ గల్లీ అంత నిశ్శబ్దంగా ఉండటం వల్ల చాయ్ బండి దాకా వినబడింది.

నా కొడుకు నిచ్చెన మీద అలాగే నిలబడి అడిగాడు. "మరి ఆ రోజు అట్లనే అన్నరు గద సార్?"

"మర్యాదకు అన్న."

వాడు నా వైపు చూశాడు. "నన్నేం జూస్తవ్ రా? పైన జూడు" అన్నాను. పట్టకారు కింద పడింది కదా, వైరు చేత్తోనే విప్పసాగాడు. కాస్త తొందరపడ్డాడో లేదో, "మెల్లగా!" అని పైనుంచి ఇంకో కేక పడింది. ఒక్కో మెలికా ఒక్కో మెలికా విప్పి, బోర్డు చంకలో పెట్టుకుని దిగి, నేరుగా ఇంట్లోకి పోయి మంచినీళ్ళు అడిగాడు.

నర్మద గేటు దగ్గరే నిలబడి ఉంది. ఒక్క కొస కోసం వచ్చిన పిల్లకు మోపెడు దక్కింది, ఏం చేయాలో తెలియదు. సారును అడుగుదామంటే భయం. ఆయన ఏమైనా నేర్పిస్తే సమ్మతి ఇచ్చినట్టు అవుతుందేమోనని ఇంకో భయం. రాజీవ్ కూడా అదే హెచ్చరించాడు. కాసేపటికి సారు ఆమె వైపు చూడకుండా నాతో అన్నాడు. "అమ్మా, కణుపు కింద తెంపి, అడుగు ఆకులు తీసేసి, నీళ్ళల్లో పెడితే వేళ్ళు వస్తాయని మీకు తెలుసు కదా?"

"తెలుసు సారూ" అన్నాను, ఆయనకంటే గట్టిగా, నర్మదకు వినబడేలా.

"ఎండలో పెట్టొద్దని కూడా తెలుసు కదా?"

"మధ్యాహ్నం ఎండల పెట్టొద్దు. తెలుసు."

నర్మద మా వైపు వీపు పెట్టి అన్నీ విని, చేతులు గోక్కుంటూ పోయింది.

మర్నాటి నుంచి గేటు ముందు ఒక్కరూ లేరు. తిట్టు కావాలని ఇన్నాళ్ళూ తిరిగిన పిల్లలకు తిట్టు ఎలా ఉంటుందో తెలిసింది. ఎగరడానికి గుండె చాలలేదు. మా ఇల్లు రాగానే అవతలి పక్కకు దాటి పోతున్నారు. ఎందుకు రా అని రాజీవ్‌ను అడిగితే, "దొంగతనం ఇప్పుడు చెల్లుతది అవ్వా, కానీ రిస్క్ ఉంది" అన్నాడు. నర్మద పరీక్ష ఇంకా రెండు రోజులుందనగా వాయిదా పడింది. కొత్త తేదీ ఇంకా చెప్పలేదు. కాబట్టి తీగ పని చేస్తుందో లేదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. లేడీస్ హాస్టల్ కిటికీలన్నీ మాత్రం ఊదారంగుకు తిరిగాయి.

తెగిన చోటల్లా చిగుళ్ళు వేసి సారు తీగ ముందుకంటే గుబురైంది. బోర్డు మాట మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పొద్దున నీళ్ళ మోటార్ వేసే ముందు, తీగకు నీళ్ళు కావాలో వద్దో సారునే అడుగుదామని జగదీశ్వర్ గేటు దగ్గరికి పోయి తలెత్తి నిలబడతాడు.

"సార్, మోటార్ ఎయ్యాల్నా?"

కాసేపు ఆకుల చాటున ఏమీ వినబడదు. మట్టిలో వేలు పెట్టి చూస్తున్నాడన్న మాట. తర్వాత జవాబు వస్తుంది.

"వేసుకో."